వీణ పలుకునది వ్రేళ్లతో మాత్రమే కాదు

ఈ శీర్షిక క్రింద మాసమాసమును సంగీతవిషయములను ముచ్చటించుచున్న మాకు పాఠకురాండ్ర యొద్దనుండి వచ్చు ప్రశ్నలలో రాగములను గూర్చినవి కొన్ని, కీర్తనలను గూర్చినవి కొన్ని యుండుట వాడుక. ఈ మధ్య వచ్చిన జాబు లోకటి మాత్రము మమ్ము వేఱు త్రోవ పట్టించినది. ఒక తల్లి యిట్లు వ్రాయుచున్నది. ఆమె కూతురికి పదునాలుగేండ్లు. నాలుగేండ్లనుండి వీణ నేర్చుకొనుచున్నది. స్వరజ్ఞానము కలదు, తాళము తప్పదు, వర్ణములను రెండు కాలములలోను వాయించును. అయినను నాదము పలుచగా నున్నదని గురువుగారు పెదవి విఱుచుచున్నారట. అరగంట యగునప్పటికి ఎడమ భుజము పట్టివేయును. ఆ నొప్పి కోర్వలేక పిల్ల యటు నిటు కదలినచో, “ఆడపిల్ల వీణముందు బొమ్మవలె కూర్చుండవలెను గాని యీ యూగులాట యేమి?” అని నాయనమ్మగారు కసరుచుందురట. ఇప్పుడు పిల్ల వీణమీది గుడ్డ తీయుటకే వెనుకాడుచున్నది. “కదలుమని చెప్పుదునా, వలదని చెప్పుదునా?” అని యా తల్లి ప్రశ్న.

ప్రశ్న చిన్నదిగానే కనబడును. కాని మన యిండ్లలో పెండ్లియైన పిమ్మట గోడమూలను జేరి దుమ్ముకొట్టుకొనుచున్న వీణల కథలు విచారించినచో, అన్నింటికిని తీరికలేమియే కారణము కాదని తెలియును. వీపు నొచ్చియో, మణికట్టు తిమ్మిరెక్కియో మానివేసి, ఆ మాట చెప్పుకొనుటకు సిగ్గుపడి, “నాకు విద్య యబ్బలేదు” అని సరిపెట్టుకొన్నవారు కలరు. విద్య యబ్బకపోవుట వేఱు, కూర్చుండుట తెలియకపోవుట వేఱు. రెండవదానిని మొదటిదిగా భావించి ఒక బాలిక జీవితమంతయు సంగీతమునకు దూరమగుట మాకు మిక్కిలి కష్టముగా తోచుచున్నది.

మా యభిప్రాయము ముందుగానే చెప్పివేయుదుము. పిల్లను బొమ్మవలె బిగియించి కూర్చుండబెట్టుట నాదమునకు శత్రువు. అట్లని “కదలుము” అని యాజ్ఞాపించుటవలనను ప్రయోజనము లేదు. ఆజ్ఞచేత వచ్చిన కదలిక నేర్పిన చిలుక పలుకువంటిది. కావలసినది తూకము. త్రాసుముల్లు నడుమ నిలుచునప్పుడు దానిని మేకుతో బిగించినవారు లేరు. రెండు తట్టలును సరిపోయినవి గనుక నిలిచినది. ఒక తట్టలో చిన్న పోకచెక్క వేసినను అది కదలును. వాద్యము వాయించు దేహము అట్లే యుండవలెను.

నాయనమ్మగారికి శాస్త్రము చూపినగాని తృప్తి కలుగదేమో గనుక శాస్త్రముతోనే మొదలు పెట్టుదుము. 13వ శతాబ్దమున దేవగిరి యాదవరాజగు సింఘణుని కొలువులో నుండిన శార్ఙ్గదేవుడు రచించిన ‘సంగీతరత్నాకరము’ మన సంగీతమునకు ప్రమాణగ్రంథము. అందు గాయకులకు ఇరువదియైదు దోషములు చెప్పబడినవి. మన మేమో దోషములనగా అపస్వరము, తాళము తప్పుట, ఇవియే యనుకొందుము. ఆ పట్టికలో అవియు నున్నవి గాని, చాల భాగము దేహమును గూర్చినవే. పండ్లు బిగబట్టి పాడువాడు సందష్టుడు. నోరు వికారముగా తెఱచువాడు కరాళి. ఒంటెవలె మెడ పైకెత్తువాడు కరభుడు. మొగమునను మెడమీదను నరములు పొంగునట్లు పాడువాడు ఝోంబకుడు. సొఱకాయ బుఱ్ఱవలె కంఠ ముబ్బించువాడు తుంబకి. మెడ వంకర పెట్టువాడు వక్రి. కన్నులు మూసికొనువాడు నిమీలకుడు. భయపడుచు పాడువానికి గూడ ఒక పేరు పెట్టి యుంచినారు! మన మెఱిగిన పాటకచేరీలలో ఈ పేర్లకు తగినవారిని వెదకుట అంత కష్టము కాదు. కాని యా పని పాఠకురాండ్రకే విడిచెదము.

ఆ పట్టికలోనే ‘ప్రసారి’ యని యొకడు కలడు. కాలుసేతులు చాచుచు పాడువాడు వాడు. ఇచ్చట నాయనమ్మగారు “చూచితిరా, కదలవలదని శాస్త్రమే చెప్పుచున్నది” అనవచ్చును. మేము వినయముతో మనవి చేయునది యేమనగా, శాస్త్రము నిషేధించినది వ్యర్థమైన చేష్టను. ఆ దోషము లన్నింటిని వరుసగా నుంచి చూచినచో వానిలో పెక్కింటికి మూలము ఒక్కటియే: చేయవలసిన పనిని దేహమంతయు పంచుకొనక ఒక యవయవముమీద పడవేయుట. కంఠము నరములు పొంగుట యెందుచేత? క్రిందినుండి రావలసిన బలము రానందుచేత. ఆ గ్రంథకర్తయే నాదము పుట్టుకను చెప్పుచు, ఆత్మ మనస్సును, మనస్సు దేహమందలి యగ్నిని, అగ్ని వాయువును ప్రేరేపింపగా, ఆ వాయువు నాభినుండి హృదయమునకు, కంఠమునకు, శిరస్సునకు ఎగబ్రాకి ముఖమున వెలువడునని వర్ణించినాడు. స్వరములను చెప్పుటకు ముందు దేహోత్పత్తినే ఒక ప్రకరణముగా వ్రాసిన గ్రంథమది. అట్టి శాస్త్రము దేహమును మఱచి పాడుమనునా?

ఇక మన బాలిక యొద్దకు వత్తము. ముందుగా కూర్చుండుట.

మనము నేలపై మఠము వేసికొని కూర్చుండుట అలవాటైన జాతివారము. అలవాటైనదానిని పరీక్షింపము. నేడు పాఠశాలలో బల్లమీద, ఇంట కుర్చీలో పెరిగిన పిల్లలకు తుంటికీళ్లు బిగిసియుండును. వట్టి చాపపై మఠము వేసికొన్నప్పుడు మోకాళ్లు తుంటికంటె పైకి లేచును. అట్లు లేచినచో నడుము వెనుకకు జాఱును, వీపు గూనువలె వంగును, ఱొమ్ము క్రుంగును, మెడ ముందుకు సాగును. మనిషి తల ఇంచుమించు అయిదు కిలోల బరువు. అది వెన్నుపూసల కొనమీద, రెండు చెవులకు నడుమగా నిలిచియుండవలెను. అది ముందుకు వ్రాలినచో అంత బరువును పడిపోకుండ పట్టియుంచు పని మెడవెనుక కండలపై పడును. పాపము, ఆ కండలు అరగంట యోర్చినవనియే మాకు ఆశ్చర్యము! పిల్ల భుజము నొచ్చుచున్నదని భుజమునకు తైలము రాచుచున్నారు. మూలము తుంటివద్ద నున్నది.

దీనికి ఖర్చులేని యుపాయ మున్నది. దుప్పటి గాని బొంత గాని గట్టిగా మడిచి, మూడు నాలుగు వ్రేళ్ల యెత్తున పిఱుదుల క్రిందనే, మోకాళ్ల క్రిందకు రాకుండ, వేయుడు. మోకాళ్లు తుంటికంటె క్రిందకు దిగును. అప్పుడు పిల్లను మెల్లగా ముందునకు వెనుకకు ఒఱగుమని చెప్పినచో పిఱుదుల లోపల రెండు గట్టి యెముకలు నేలను తాకుట ఆమెకే తెలియును. ఆ రెండింటిమీద బరువు సమముగా నిలిచిన చోట ఆగవలెను. “నిటారుగా కూర్చో” అని గద్దించుటకంటె ఇది మేలు. నిటారు అన్నంతనే పిల్లలు ఱొమ్ము ముందునకు పొడిచి, నడుము వెనుక విల్లువలె బిగించి, ఊపిరి బిగబట్టుదురు. అది వంగుటకంటె ఏమాత్రమును మేలు కాదు.

ఇప్పుడు వీణ. పనసమ్రానుతో చేసిన వీణ నాలుగడుగుల పొడవుండును. బొబ్బిలివీణవలె ఒకే మ్రానున తొలిచినదైనను, అతుకువీణయైనను, మోత మోతయే. దాని కుండ కుడివైపున నేలపై నుండును. బుఱ్ఱ ఎడమ తొడపై నానును. కుడిచేయి కుండపలక యంచున నానియుండి మీటును. ఎడమచేయి దండి క్రిందినుండి చుట్టివచ్చి మెట్లమీద తంత్రిని నొక్కును. ఇంతవఱకు అందఱు నెఱిగినదే. కాని మెట్లు ఇరువదినాలుగు. మంద్రమునుండి తారమునకు పోవుకొలది ఎడమచేయి దేహము ముందుగా కుడివైపునకు ప్రయాణము చేయవలెను. పిల్ల బొమ్మవలె బిగిసి కూర్చున్నచో ఆ దూరమంతయు భుజము ఒక్కటియే సాగి యందుకొనవలసివచ్చును. సాగిన భుజము బిగియును. బిగిసిన భుజమునకు క్రిందనున్న వ్రేళ్లు సున్నితముగా నొక్కజాలవు. తారస్థాయిలో నాదము పలుచనగును. అదే పిల్ల దేహము తుంటియెముకలమీద తూగియున్నచో, చేయి కుడివైపునకు పోవునప్పుడు నడుము రవ్వంత త్రిప్పుకొని, బరువు ఒక యెముకనుండి రెండవదానిపైకి మాఱును. చూచువారికి అది తెలియను గూడ తెలియదు. చేయి మరల మంద్రమునకు వచ్చునప్పుడు బరువును మరలివచ్చును. నాయనమ్మగారు ఊగులాట యన్నది బహుశః ఈ కదలిక కొఱకు పిల్లదేహము చేయుచున్న తడుములాటయే కావచ్చును.

మన వీణకు ప్రాణము గమకము. ఒక మెట్టుమీదనే తంత్రిని ప్రక్కకు లాగి మూడు నాలుగు స్వరములు పలికింపవలెను. తంత్రి లోహము, బిగువుగలది. ఆ లాగుటను వ్రేలికొనతోనే చేయబోయిన పిల్లలకు వ్రేలు కోసికొనిపోవును గాని స్వరము అందదు, అందినను నిలువదు. నూతిలో చేదవేసి నీళ్లు తోడినవారికి ఈ రహస్యము చెప్పనక్కఱలేదు. నిండుచేదను మణికట్టుతో లాగినవారెవరు? పాదములు నేలను తన్నిపట్టగా, నడుమునుండి వీపు, వీపునుండి భుజము, భుజమునుండి చేయి, ఇట్లు బలము ప్రవహించి త్రాటిని జేరును. తిరగలి త్రిప్పుటయు, రోకటిపోటును అట్టివే. ఈ కాలపు పిల్లలు చేద యెఱుగరు, తిరగలి యెఱుగరు. మర మీట నొక్కిన పిండి దొరకుచున్నది. వారి శ్రమ తగ్గినందుకు సంతోషింపవలసినదే. కాని దేహమంతయు ఒక పనికి కలసివచ్చు తెలివిని ఆ పనులు ఊరక నేర్పుచుండినవి. ఇప్పుడు దానిని వేఱుగా నేర్పవలసివచ్చినది. గమకము లాగునప్పుడు మోచేయి బరువుగా వ్రేలాడుచు, వీపున ఱెక్క యెముక జాఱుటకు స్వేచ్ఛ కలిగియుండవలెను. మన చేతిని మొండెముతో ఎముకకు ఎముకగా కలుపునది, మెడ క్రింద ఱొమ్ముయెముకను జేరు ఒక్క చిన్న కీలు మాత్రమే. తక్కినదంతయు కండలయందే వ్రేలాడుచున్నది. అంత స్వేచ్ఛగా నుండుటకై నిర్మింపబడిన దానిని మనము చెవులవఱకు ఎత్తి బిగించుట యెంత యన్యాయము!

చిన్నపిల్లకు పెద్దవీణ యొసగినప్పుడు బుఱ్ఱ తొడపై చాల యెత్తుగా నిలిచి ఎడమభుజమును పైకి నెట్టును. పిల్ల కూర్చున్న మడత యెత్తు పెంచుట, కుండక్రింద చిన్న మెత్త నుంచుట, ఇట్టివి చేసి చూడవలెను. “వీణ యిట్లే పట్టవలెను” అని ఒక్క కొలతను పట్టుకొని వ్రేలాడరాదు. కారైక్కుడి సోదరులలో పెద్దవారగు సుబ్బరామయ్యగారు వీణను నిలువుగా పట్టి వాయించిన సంగతి ప్రసిద్ధము. తమ్ములు సాంబశివయ్యగారు అందఱివలె అడ్డముగానే పట్టిరి. ఒకే యింట, ఒకే విద్య, దేహములు వేఱు.

ఫిడేలు నేర్చుకొను బాలికలకును ఇందులో కొంత భాగ మున్నది. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ములగు బాలుస్వామి దీక్షితులు (1786–1858) ఈ వాద్యమును మన సంగీతమునకు తెచ్చినప్పటినుండి మనవారు దానిని కూర్చుండియే వాయించుచున్నారు. వాద్యము ఒక కొన ఎడమ ఱొమ్మునకు, రెండవ కొన కుడిపాదము చీలమండకు ఆనియుండును. పాశ్చాత్యులు గడ్డముతో అదిమిపట్టుకొని వాయించుటకంటె ఇది మన గమకములకు మేలైనది. వాద్యమును మోయు పని లేదు గనుక ఎడమచేయి తంత్రులపై యథేచ్ఛగా జాఱగలదు. ఈ మేలు దక్కుటకు పాదమును, నడుమును స్థిరముగా నుండవలెను. పాదము తూలినచో వాద్యము తూలును. వెంటనే చేయి దానిని పట్టుకొనుటకు బిగియును. జాఱుటకు వచ్చినది మోయుటకు నియుక్తమగును.

కమాను బరువు అరువది గ్రాములు; చారెడు బియ్యమంత యైనను లేదు. దానితో సభనంతను నింపు నాద మెట్లు వచ్చును? చేయి బరువు తంత్రిపై దిగుటచేతను, కమాను వేగముచేతను, అది గుఱ్ఱమునకు ఎంత దగ్గఱగా తాకుచున్నదను దానిచేతను. ఈ మూడింటిలో మొదటిది తెలియని పిల్లలు బరువునకు బదులు ఒత్తిడి పెట్టుదురు. బరువు దిగునది, ఒత్తిడి నెట్టునది. చెవి ఆ భేదమును తత్‌క్షణమే కనిపెట్టును: ఒకటి పలుకును, రెండవది కీచుమనును. విజయనగర సంగీతకళాశాలలో 1919 నుండి ఫిడేలు ఆచార్యులుగా నుండి, 1936లో దాని యధ్యక్షులైన ద్వారం వెంకటస్వామినాయుడుగారి (1893–1964) వాదనము నేటికిని ముద్రికలలో వినవచ్చును. అందు కమాను త్రిప్పు చోట అతుకు వినబడదు. పాఠకురాండ్రు ఒకసారి కన్నులు మూసికొని విని (వినువారికి నిమీలకదోషము లేదు!), ఆ దీర్ఘస్వరమును వ్రేళ్లు మాత్రమే చేయగలవేమో ఆలోచింపవలెను.

ఇక గాత్రము. ఇందు స్త్రీలమగు మనకు ప్రత్యేకమైన చిక్కొకటి కలదు. దానిని సిగ్గువిడిచి వ్రాయుచున్నాము. ఊపిరి పీల్చునప్పుడు ఱొమ్మునకును కడుపునకును నడుమ గొడుగువలె నున్న కండ క్రిందకు దిగును. దానిని ఉదరవితానమందురు. అది దిగినచో కడుపు ముందునకును, ప్రక్కలకును, నడుమువెనుకకును కొంచెము పొంగక తప్పదు. మనమో లంగాబొందు బిగించి కట్టుదుము. ఆ పై చీర కుచ్చెళ్లు దోపుదుము. ఆ పై నలుగురిలో కడుపు కనబడరాదని లోపలికి పీల్చుకొని కూర్చుందుము. గొడుగు దిగుటకు చోటేది? అప్పుడు ఊపిరి పైపైన ఱొమ్ములోనే ఆడును. ప్రతి పీల్పునకు భుజములు లేచును. పల్లవిలో సగమునకే ఊపిరి యుడుగును. “గాత్రము చాలదు” అని యా పిల్లకు పేరు. మేము కోరునది చిన్నపని: సాధనవేళ బొందును రెండు వ్రేళ్లు పట్టునంత వదులుగా కట్టుడు. పిల్ల నడుమువెనుక మీ రెండు అఱచేతులు నుంచి, ఊపిరి పీల్చినప్పుడు చేతులు ప్రక్కలకు జరుగుచున్నవేమో చూడుడు. పది దినములలో భేదము చెవికి తెలియును.

ఈ విషయమై ఆస్ట్రేలియాలోని టాస్మేనియా ద్వీపమున 1869లో జన్మించిన ఫ్రెడరిక్ మథయాస్ అలెగ్జాండర్ అనునాతని వృత్తాంతము చెప్పదగినది. ఆయన సభలలో కావ్యభాగములను చదివి జీవించువాడు. కొంతకాలమునకు సభలో గొంతు బొంగురుపోవుట మొదలిడినది. వైద్యుని మాట చొప్పున గొంతునకు విశ్రాంతి యిచ్చి సభ కెక్కెను. ప్రారంభమున బాగుగనే యుండి, ముగియునప్పటికి గొంతు మరల పోయెను. మాటలాడునప్పుడు చెడని గొంతు చదువునప్పుడే చెడుచున్నదన్న, చదువుటలో తాను చేయునదేదో దీనికి కారణమై యుండవలెనని యూహించి, అద్దములు పెట్టుకొని తన్ను తాను పరిశీలింప మొదలిడెను. ప్రతిసారియు తల వెనుకకు వాల్చుచున్నాడు, కంఠమును క్రిందకు అదుముచున్నాడు, నోటితో చప్పుడగునట్లు ఊపిరి పీల్చుచున్నాడు. ఆ మూడింటికి మొదటిది తల వాల్చుటయే. అది వీపును గూడ కుంగదీయుచున్నది. ఇంకను వింత యేమనగా, తప్పు దిద్దుకొంటి ననుకొన్నప్పుడు గూడ అద్దమున చూడగా వెనుకటివలెనే చేయుచుండెను! అలవాటైన వంకర దేహమునకు సరియైనదిగా తోచును. ఆయన 1904లో లండను చేరి తన పద్ధతిని బోధించెను. నటులును సంగీతకారులును దాని నాశ్రయించిరి. నేడును లండనులోని రాయల్ కాలేజి ఆఫ్ మ్యూజిక్ వంటి విద్యాలయములలో దానిని నేర్పుచున్నారు. ఆరువందల యేండ్లకు ముందే మన శార్ఙ్గదేవుడు కరభుడని పేరుపెట్టిన దోషమును ఆయన తన యద్దములో చూచినాడని మేము అనుకొని నవ్వుకొనుచుందుము.

మన యిండ్లలో మూడద్దములు నిలుపనక్కఱలేదు. చేతిఫోనుతో పిల్ల వాయించుచుండగా వెనుకనుండి రెండు నిమిషములు చిత్రము తీసి ఆమెకే చూపుడు. ముందునుండి తీసినచో పిల్ల సింగారించుకొని కూర్చుండును, వెన్ను అబద్ధమాడదు. చూపినప్పుడు మీరు తప్పు లెన్నక ఊరకుండుడు. తన భుజములలో ఏది పైన నున్నదో ఆమెయే చెప్పును.

తాళమును గూర్చి ఒకమాట. తాళము చేతిలో నున్నదని మన మనుకొందుము. స్విట్జర్లండులో జెనీవా సంగీతవిద్యాలయమున 1892 నుండి ఉపాధ్యాయుడుగా నుండిన ఎమిల్ జాక్ డాల్క్రోజ్ (1865–1950), తన శిష్యులు లెక్క తప్పక వ్రాయగలిగియు వాయించునప్పుడు లయ తప్పుటను చూచి, వారిని లేపి సంగీతమునకు నడిపించెను. అడుగు, చేయి, ఊపిరి కలసి లయను తెలిసికొన్న పిమ్మట వాద్యమువద్దకు పంపెను. 1911లో జర్మనీలోని డ్రెస్డెన్ నగరసమీపమున హెల్లెరావులో అందుకై ఒక విద్యాశాలయే కట్టబడినది. మన కిది క్రొత్త కాదు. హరికథాపితామహుడని పేరొందిన ఆదిభట్ల నారాయణదాసుగారు (1864–1945) కాళ్ల గజ్జెలు, చేత చిఱుతలు దాల్చి, పాడుచు, ఆడుచు, కథ చెప్పుచు గంటలకొలది నిలిచిరి. రెండు చేతులు, రెండు పాదములు, శిరస్సు, ఈ యైదింటితో ఒకేసారి అయిదు తాళములు చూపి ‘పంచముఖీ పరమేశ్వర’ బిరుదము పొందిరని ప్రసిద్ధి. పైని చెప్పిన విజయనగర కళాశాలకు మొదటి యధ్యక్షులు వారే. దేహమంతయు సంగీతమైన యట్టి గురువు పెట్టిన పీఠమునుండి వచ్చిన మనము పిల్లలను కదలవద్దనుట చిత్రము గాదా!

కావున సాధనకు ముందు పిల్లను పెరటిలో గాని వసారాలో గాని ఆదితాళమునకు ఎనిమిదడుగులు నడువనిండు. ఒక యలంకారమును పాడుచు నడచిన తరువాత కూర్చుండి అదే యలంకారమును వాయింపనిండు. మూడవకాలమున తొందరపడు పిల్లలకు దీనికంటె మంచి మందును మే మెఱుగము. తొందర వ్రేళ్లలో పుట్టదు, ఊపిరిలో పుట్టును.

భావమును గూర్చి పాఠకురాండ్రకు సందేహ ముండును: కదలినచో భావము హెచ్చునా? కదలికచే భావము రాదు. భావము పలుకుటకు అడ్డము తొలగును, అంతే. కనుబొమలు ఎగురవేయుట, తల విసరుట, ప్రతి గమకమునకు పెదవి కొఱుకుట, ఇవి భావములని కొందఱు పొరబడుదురు. అవి చాలవఱకు దేహము తన కష్టమును చెప్పుకొనుచున్న గుఱుతులు. భేదము తెలిసికొనుటకు ఒక పరీక్ష కలదు. వాయించుచుండగా పిల్లను, “ఇప్పుడు నీ పండ్లు కలసియున్నవా?” అని మెల్లగా అడుగుడు. వాయించుట ఆపకయే సమాధానము చెప్పగలిగినచో ఊపిరి ఆడుచున్నదన్నమాట. చెప్పలేక తాళము తప్పినచో ఆమె ఊపిరి బిగబట్టి వాయించుచున్నది. ఆ కీర్తనలో భావమును వెదకుట అటుపిమ్మటి పని. చెన్నపట్టణమున వీణధనమ్మాళ్ (1867–1938) తన యింట శుక్రవారపు సాయంకాలములందు వాయించుచుండగా, ఆ సన్నని నాదమును వినుటకు విద్వాంసులు నిశ్శబ్దముగా కూర్చుండెడివారట. నాదము నిండుగా నుండుటకు పెద్దదిగా నుండనక్కఱలేదు.

నొప్పి సంగతి మాత్రము తేలికగా తీసికొనరాదు. “సాధన యన్న తరువాత నొప్పి లేకుండునా” అను మాట మన యిండ్లలో తఱచు వినబడును. వ్రేలికొన కాయ కాచుట సహజము. భుజము, మెడ, మణికట్టు నొచ్చుట, రాత్రివేళ చేయి తిమ్మిరెక్కుట, వ్రేలు చెప్పినట్లు వినకుండుట, ఇవి సహజములు కావు. ఇట్టివి కనబడినప్పుడు సాధన నిలిపి, రెండు మూడు దినములలో తగ్గనిచో వైద్యునకు చూపవలెను. వాద్యకారుల దేహబాధలను ప్రత్యేకముగా పరిశీలించు వైద్యశాఖయే నేడు కలదు. అది సోమరితనపు సాకు కాదని అందఱు నెఱుగవలెను. సాధన యొక్కసారి రెండు గంటలు చేయించుటకంటె, ఇరువదియైదు నిమిషములకొకసారి లేపి, నాలుగడుగులు నడిపించి, మరల కూర్చుండబెట్టుట మేలు.

జాబు వ్రాసిన సోదరికి వేఱుగా మేము చెప్పునది: ఒక మాసము క్రొత్త కీర్తన వలదు. మడత దుప్పటి వేసి, వదులుబొందు కట్టి, మాయామాళవగౌళలో సరళీస్వరములు మొదటి కాలమున మంద్రమునుండి తారమువఱకు వాయింపనిండు. చేయి కుడివైపునకు పోవునప్పుడు నడుము దానివెంట పోవుచున్నదేమో చూడవలసిన పని నాయనమ్మగారికే అప్పగింపుడు. పిల్లను అంత శ్రద్ధగా కనిపెట్టి చూచుచున్నవారు ఇంట మఱొకరు లేరు గదా. గురువుగారితో నీ మార్పు ముందుగా మనవి చేయుట మఱవకుడు.

వచ్చు మాసమున వీణకు తంత్రులు మార్చుటను, మెట్లక్రింది మైనము వేసవిలో మెత్తబడినప్పుడు చేయవలసిన పనిని గూర్చి వ్రాయుదుము.